పాత బెజ్జం, కొత్త తాళం

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక చిన్న స్క్రూ. అదీ ఇక్కడిది కాదు. అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో, ఆస్టిన్ అనే ఊళ్లో ఉంది.

మా అన్నయ్య కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. జీతంలో కొంత ఇంటి అప్పుకి పోతుంది, మిగిలింది గిటార్లకి. ఈమధ్య 1967లో తయారైన గిబ్సన్ ఎస్‌జీ స్పెషల్ ఒకటి కొన్నాడు. చెర్రీ రంగు, పల్చటి మహాగనీ ఒళ్లు, రెండు వాడి కొమ్ములు. ఆదివారం వీడియో కాల్‌లో చూపించి మురిసిపోయాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"బాబాయ్, దీన్ని తగిలించుకుని నిలబడాలంటే భయంగా ఉంది. బెల్టు బటన్ కదులుతోంది. మొన్న బెల్టు ఊడిపోతే మోకాలు అడ్డం పెట్టి పట్టుకున్నా."

బెల్టు ఊడకుండా తాళం వేసే స్ట్రాప్ లాక్స్ వేయిద్దామని ఒక దుకాణానికి తీసుకెళ్లాడట. అక్కడి పెద్దమనిషి గిటార్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ బటన్లూ స్క్రూలూ ఫ్యాక్టరీలో బిగించినవి, వాటిని ముట్టుకున్నావంటే ధర పడిపోతుందన్నాడట. మరి వాయించేదెలా అని వీడు అడిగితే, కూర్చుని వాయించుకోమన్నాడట.

నాకు ఒళ్లు మండింది అక్కడే.

ఈ కాలమ్ చదివే పాత పాఠకులకి నా వరస తెలుసు. బీరువా తాళం గురించి రాసినప్పుడు నన్ను తిడుతూ ఉత్తరాలు రాసినవాళ్లకి ఇంకా బాగా తెలుసు. "ఒరిజినల్" అన్న మాట వినబడితే నా చెయ్యి స్క్రూడ్రైవర్ వైపు పోతుంది. వాడటానికి వీల్లేకుండా దాచిన వస్తువు నా లెక్కలో పాడైపోయిన వస్తువే. నేను గిటార్ వాయించను. విశాఖలో చదువుకునే రోజుల్లో హాస్టల్ బ్యాండ్ కుర్రాళ్లు వాయించేవాళ్లు, నేను వాళ్ల గిటార్లు విప్పేవాణ్ణి. అప్పటి నుంచీ ఈ వాయిద్యంతో నా బంధుత్వం మరల వరకే. అందుకే ఆస్టిన్ పెద్దమనిషిని ఈ వారం చీల్చి చెండాడదామని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ముందు విషయం తెలియనివాళ్లకి నాలుగు ముక్కలు. ఎలక్ట్రిక్ గిటార్‌కి రెండు లోహపు గుబ్బలు ఉంటాయి. వాటినే స్ట్రాప్ బటన్లు, స్ట్రాప్ పిన్నులు అంటారు. ఒకటి అడుగున, రెండోది మెడ వైపు. బెల్టు చివర్లలో ఉండే తోలు చీలికల్ని వాటికి తగిలిస్తారు. ఒక్కో గుబ్బనీ చెక్కలోకి పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ. మూడు కిలోల ఎస్‌జీ అయినా, నాలుగున్నర కిలోల లెస్ పాల్ అయినా, వేదిక మీద గంటల తరబడి వేలాడేది ఆ రెండు స్క్రూల మీదే.

ఇందులో ఎస్‌జీది ప్రత్యేకమైన చిక్కు. 1954లో లియో ఫెండర్ బృందం స్ట్రాటోకాస్టర్‌ని తయారుచేసినప్పుడు పై కొమ్ముని ముందుకి సాగదీసి, బటన్‌ని దాని కొసన పెట్టింది. బెల్టు తగిలిస్తే గిటార్ సమంగా నిలుస్తుంది. 1961లో గిబ్సన్ తన లెస్ పాల్‌ని పల్చగా చెక్కి కొమ్ములు పెట్టినప్పుడు, అంటే తర్వాత ఎస్‌జీ అని పేరు మారిన ఆ మోడల్‌లో, ముందు బటన్‌ని కొమ్ముకి పెట్టలేదు. వెనకవైపు, మెడ ఒంట్లోకి దిగే మడమ దగ్గర పెట్టింది. దాంతో బరువు మెడ వైపు లాగుతుంది. చెయ్యి తీస్తే మెడ నేలచూపులు చూస్తుంది. వాయించేవాడు దాన్ని మాటిమాటికీ పైకి ఎత్తుకుంటాడు, ఎత్తిన ప్రతిసారీ బెల్టు బటన్ మీద మెలిపడుతుంది.

ఊడిపడితే ఏమవుతుంది? గిబ్సన్ గిటార్ల మెడా తలా ఒకే మహాగనీ చెక్క. తల వెనక్కి వంగి ఉంటుంది. పైగా మెడని సరిచేసే ట్రస్ రాడ్ నట్టు కోసం సరిగ్గా ఆ వంపు దగ్గరే చెక్కని తొలిచి గుంట చేస్తారు. గిటార్ వెల్లకిలా పడిందంటే విరిగేది అక్కడే. ఎంత నేర్పుగా అతికించినా తల విరిగిన పాత గిబ్సన్‌కి ధర సుమారు సగమే అని బజారు లెక్క. అసలు స్క్రూ మారిస్తే పోయే ధర ఎంత? తల విరిగితే పోయే ధర ఎంత? ఈ రెండో లెక్క ఆ దుకాణం పెద్దమనిషికి తెలియనిదా? నా వ్యాసం ఇక్కడికి వచ్చేసరికి కలం బాగా వేడెక్కింది.

సాక్షులు కూడా దొరికారు. మొదటి సాక్షి గిటారిస్టు జిమీ హెండ్రిక్స్. ఎడమచేతి వాటం మనిషి, కుడిచేతివాళ్లకి చేసిన స్ట్రాటోకాస్టర్‌ని తలకిందులు చేసి వాయించాడు. అలా తిప్పేసరికి బటన్ ఉన్న పొడుగు కొమ్ము కిందకి పోయింది. ఏం చేశారు? పైకొచ్చిన పొట్టి కొమ్ముకి బటన్ పెట్టారు. 1969లో వుడ్‌స్టాక్‌లో ఆయన వాయించిన తెల్ల స్ట్రాట్ ఇప్పుడు సియాటిల్‌లో ఒక మ్యూజియంలో ఉంది. ఫ్యాక్టరీ పెట్టని చోట బటన్ ఉందని దాని విలువ తగ్గించినవాళ్లు ఎవరూ లేరు.

రెండో సాక్షి ఇంకా గట్టివాడు. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ 1970లో న్యూయార్క్‌లోని మానీస్ అనే దుకాణంలో నల్ల స్ట్రాట్ ఒకటి కొన్నాడు. దాని మెడ ఎన్నోసార్లు మార్చాడు. పికప్‌లు మార్చాడు. అదనంగా ఒక స్విచ్చి పెట్టించాడు. ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ కోసం ఒంటికి బెజ్జం కొట్టించి, తర్వాత పూడ్పించాడు. 1980లలో వేరే ట్రెమొలో కోసం చెక్క తొలిపించి, అదీ పూడ్పించాడు. ఇంత కోత పడ్డ ఆ గిటార్ 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లకి పోయింది. అప్పటికి గిటార్ వేలాల్లో అదే రికార్డు. దానికి ఆయన తగిలించుకున్న బెల్టు ఒకప్పుడు హెండ్రిక్స్‌ది. ఆయన అరవయ్యో పుట్టినరోజుకి భార్య ఇచ్చిన బహుమతి.

ఈ ఇద్దర్నీ బోనెక్కించాక ఇక తీర్పు రాసేయడమే అనుకున్నాను. కానీ "కూర్చుని వాయించుకో" అన్న మాట మాత్రం ముల్లై గుచ్చుకుంటూనే ఉంది.

ఎందుకంటే కూర్చుని వాయించడం మనకి తప్పు కాదు, మన సంప్రదాయమే అది. వీణ ఒళ్లో ఉంటుంది, దానికి బెల్టుతో పని లేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ని పట్టుకుని, నాలుగు జతల తీగల్ని తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని కచేరీ చేస్తే, ఆ బుల్లి వాయిద్యం భుజానికి తగిలించుకోవాల్సిన అవసరమే రాలేదు. అమెరికాలో పుట్టిన ఎలక్ట్రిక్ వాయిద్యం మన చాప మీదకి వచ్చి, స్ట్రాప్ బటన్ అనే సమస్యనే మర్చిపోయింది.

అలాగని మనవాళ్లకి నిలబడి వాయించడం తెలియదనుకుంటే పొరపాటు. డప్పు ఎడమ భుజాన వేలాడకపోతే దరువుకి అడుగు పడదు. బుర్రకథలో కథకుడు తంబురా భుజాన పెట్టుకుని ముందుకి రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేయకపోతే కథ నడవదు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ కూర్చుని బుర్రకథ చెప్పడం ఊహించగలరా? కాళ్లు ఆడాల్సిన చోట వాయిద్యం భుజానికి ఎక్కాల్సిందే. రాక్ సంగీతానిదీ అదే అవసరం. రాక్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ 1969, 1970లలో ఎస్‌జీ స్పెషల్ తగిలించుకుని చెయ్యి గిరగిరా తిప్పి తీగల్ని కొట్టేవాడు. మా వాడి గిటార్‌కి అది స్వయానా అన్న వరస. దాన్ని కూర్చుని వాయించమంటే దాని పుట్టుకకే అవమానం.

భుజానికి ఎక్కిన వాయిద్యాల గురించి ఆలోచిస్తుంటే మా ఊరి హార్మోనియం గుర్తొచ్చింది. ఇక నా కలం దారి తప్పింది, క్షమించండి.

మా ఊళ్లో ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున నగర సంకీర్తన బయల్దేరేది. ముందు లాంతరు, వెనక తాళాలు, మధ్యలో హార్మోనియం. వాయించే పెద్దాయన వృత్తికి దర్జీ. హార్మోనియానికి అటూ ఇటూ ఉన్న ఇత్తడి కడియాల్లోంచి నవారు పట్టీ దూర్చి, మెడ వెనక నుంచి వేసుకుని నడుస్తూ వాయించేవాడు. ఎడమచెయ్యి తిత్తి మీద, కుడిచెయ్యి మెట్ల మీద. రెండు చేతులూ పనిలో ఉంటే పెట్టె బరువంతా ఆ నవారు మీదే. చలికి మేం పిల్లలం ఆయన పక్కనే నడిచేవాళ్లం, పెట్టెకి దగ్గరగా.

ఏటా మార్గశిరం రాకముందే ఆయన చేసే పని ఒకటుండేది. పాత నవారు తీసి పారేసి, కొత్త నవారు కొలిచి, చివర్లు మడిచి తన మిషను మీద రెండు వరసల కుట్టు వేసేవాడు. పాత పట్టీ ఇంకా గట్టిగానే కనబడినా సరే, ఆ ఏటికది చెల్లు. కడియాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన చెయ్యి మారిపోయేది. ఒక్కో మరనీ వేలితో కదిపి చూసేవాడు. వదులైతే విప్పి, వెదురు పుల్ల సన్నగా చీల్చి, వజ్రం జిగురులో ముంచి బెజ్జంలో పెట్టి, అదే మరని మళ్లీ బిగించేవాడు. ఆ ఊరి షావుకారు ఒకసారి బెజవాడ నుంచి కొత్త కడియాలు తెప్పించాడు. పాతవాటికంటే పెద్దవి, తళతళలాడేవి, నాలుగేసి మరలతో. పెద్దాయన తీసుకుని, దణ్ణం పెట్టి, కాగితంలో చుట్టి పెట్టెలో దాచాడు. బిగించలేదు. పాత పలకకి కొత్తగా నాలుగు బెజ్జాలు కొడితే పలక చీలుతుందని ఆయన లెక్క. ఆయన పోయేదాకా పెట్టె పాత కడియాల మీదే ఊరేగింది, ఒక్కసారీ కింద పడలేదు.

ఇంతవరకూ రాసి ఆగాను. నా సాక్షుల్లో మూడోవాడు నాకే ఎదురు తిరిగాడు.

వెంటనే మా వాడికి ఫోన్ చేసి, ఆ వెనక స్క్రూ విప్పి ఫోటో పంపమన్నాను. బెల్టు చివర ఫోటో కూడా అడిగాను. రెండూ వచ్చాయి. స్క్రూ మరల మధ్య ఎర్రటి మహాగనీ పొడి ఇరుక్కుని ఉంది. అంటే బెజ్జం లోపలి గాళ్లు అరిగిపోయాయి. స్క్రూకి పట్టు లేదు, గుచ్చి నిలబెట్టినట్టుగా ఉందంతే. ఇక బెల్టు: తోలు చీలిక సాగిపోయి, బటన్ తల అందులోంచి అటూ ఇటూ సులువుగా దూరిపోయేంత అయింది. బటన్‌కి మాత్రం ఏ రోగమూ లేదు.

ఇప్పుడు స్ట్రాప్ లాక్ సంగతి చూడండి. షాలర్ అనే జర్మన్ కంపెనీదైనా, డన్‌లప్ అనే అమెరికన్ కంపెనీదైనా పని ఒకటే: బెల్టు బటన్ నుంచి ఊడకుండా తాళం వేయడం. షాలర్‌లో బెల్టుకి బిగించిన కొక్కెం బటన్ మెడని పట్టుకుంటుంది. డన్‌లప్‌లో బెల్టు వైపు పిన్ను బటన్ నడిమి బెజ్జంలోకి దిగి, బుల్లి గుండ్లతో లాక్ అవుతుంది. రెండూ మంచివే. కానీ తాళం పడేది బెల్టుకీ బటన్‌కీ మధ్య. బటన్‌కీ చెక్కకీ మధ్య ఉన్న పట్టు సంగతి దానికి తెలియదు. అరిగిన బెజ్జంలో కొత్త తాళం బిగిస్తే బెల్టు ఊడదు, బటన్ స్క్రూతో సహా పెకలించుకు వస్తుంది. పైగా కొత్త బటన్‌తో వచ్చే స్క్రూ పాత బెజ్జానికి అమరుతుందన్న హామీ లేదు. సన్నదైతే పట్టదు, లావుదైతే అరవై ఏళ్ల ఎండు చెక్కని చీలుస్తుంది. బెల్టు వైపు నట్టు కూడా వాడకంలో వదులవుతుంది, దాన్నీ కనిపెట్టుకుని ఉండాలి. తాళం ఉంది కదా అన్న ధీమాతో ఎవరూ చూడరు.

దుకాణం పెద్దమనిషి "ముట్టుకోవద్దు" అన్నాడు. సగం తప్పు, సగం ఒప్పు. స్క్రూని ముట్టుకోకుండా బెజ్జం బాగుచేయడం ఎవరి తరమూ కాదు. బటన్ విషయంలో మాత్రం ఆయనే గెలిచాడు, నాకు నచ్చని కారణంతోనైనా. ఆ కారణాన్నీ నేను ఇన్నాళ్లూ చిన్నచూపు చూశానేమో గానీ, దానిలో పస ఉంది. పాత గిటార్ వయసు చెప్పేవి ఇలాంటి చిల్లర సామానే. ఫెండర్ 1950ల మొదట్లో గాడి ఉన్న స్క్రూలు వాడి, కొద్ది ఏళ్లకే ఫిలిప్స్ స్క్రూలకి మారింది. ఒక టెలికాస్టర్ ఏ ఏడాదిదో తేల్చేటప్పుడు స్క్రూ తల కూడా సాక్ష్యమే. ఇక గిల్మర్ సంగతంటారా, ఆయన చేతిలో పడ్డ బెజ్జానికి వేలంలో ధర పలుకుతుంది. మన చేతిలో పడ్డ బెజ్జం బెజ్జమే.

మా వాడికి చెప్పింది ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. బెజ్జంలో పొడి ఊదేయాలి. టూత్‌పిక్‌లనో, మేపుల్ చెక్క పీచులనో వడ్రంగి జిగురులో ముంచి నిండుగా దిగగొట్టాలి. అగ్గిపుల్ల మెత్తన, బరువు మోసే చోటికి అది చాలదు. మన ఇళ్లలో ఉండే ఫెవిక్విక్ రకం జిగురు దగ్గరికి రానివ్వకూడదు. ఆనాటి గిటార్ల మీద ఉండేది నైట్రోసెల్యులోజ్ లక్కర్ పూత, ఆ జిగురు ఒక్క బొట్టు కారినా దాన్ని కరిగించేస్తుంది. రాత్రంతా ఆరనిచ్చి, పైకి తేలినవి కోసి, స్క్రూ కంటే సన్నటి బెజ్జం కొట్టాలి. పాత స్క్రూకి కొవ్వొత్తి మైనం పూసి, చేత్తో బిగించాలి, మిషనుతో కాదు. బటన్ కింద ఫెల్ట్ వాషర్ కాస్త నొక్కుకోగానే ఆపాలి. బెజ్జం బాగానే ఉండి ఊరికే విప్పి బిగించేటప్పుడైతే, స్క్రూని ముందు ఎడమకి తిప్పాలి. పాత గాడిలోకి టక్కున దిగిన చప్పుడు తెలుస్తుంది, అప్పుడు కుడికి తిప్పాలి. లేకపోతే ప్రతిసారీ కొత్త గాడి పడి చెక్క అరుగుతుంది. ఇది నేను ఈ కాలమ్‌లో తలుపు బందుల గురించి చెప్పిందే, గిటార్‌కీ వర్తిస్తుంది.

బెల్టు కొత్తది కొనాలి. మందపాటి తోలుది, చీలిక బిగువుగా ఉన్నది. వినైల్ బెల్టు వద్దు, గిటార్ పెట్టెలో దాన్ని ఆనించి ఉంచితే నైట్రో లక్కర్ మీద మచ్చపడుతుంది. తాళానికి బదులు గ్రోల్ష్ అనే డచ్ బీరు సీసాల మూతకి ఉండే రబ్బరు వాషర్ చాలు. బెల్టు తగిలించాక దాన్ని బటన్ తల మీద నుంచి లాగి పైన తొడిగితే బెల్టు కదలదు. ప్రపంచమంతా గిటారిస్టులు ఈ చిట్కా వాడతారు. బీరు అక్కర్లేదు, ఉత్త వాషర్లు కూడా అమ్ముతారని మా వాడికి గట్టిగా చెప్పాను. మా వదిన పక్కనే ఉంది.

మెడ కిందకి వాలుతోందని ఎస్‌జీ బటన్‌ని కొమ్ముకి మార్చమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అది మాత్రం వద్దన్నాను. లోపల గరుగ్గా ఉండే వెడల్పాటి బెల్టు చొక్కాని పట్టుకుంటుంది, వాలు చాలావరకు ఆగుతుంది. పాత చెక్కకి కొత్త బెజ్జం కొట్టే హక్కు హెండ్రిక్స్‌లా వేరే దారి లేనివాళ్లకే.

రోజూ వేదిక ఎక్కేవాళ్లు, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చి బ్యాండ్లలో గంతులేస్తూ వాయించే కుర్రాళ్లు లాక్స్ వేసుకోండి, అభ్యంతరం లేదు. మీవి కొత్త గిటార్లయితే ఆలోచించనే అక్కర్లేదు. పాతదైతే మాత్రం వరస తప్పకండి: ముందు బెల్టు చూడండి, తర్వాత బెజ్జం, ఆ తర్వాత స్క్రూ. ఆ మూడూ సరిగ్గా ఉండి కూడా చాలకపోతేనే బటన్ మార్చండి. తీసిన బటన్‌నీ స్క్రూనీ కవర్లో వేసి, గిటార్ పెట్టెలోనే పడెయ్యండి. రేపు దాన్ని కొనేవాడికి అవి మీ కంటే ఎక్కువ అవసరం.